గడ్డిలో గెంతే సీతాకోకచిలుక



సీతాకోకచిలుక అనగానే మన కళ్ళ ముందు మెదిలేది పట్టుచీర అంచులాంటి రంగులు. నిమ్మచెట్టు చుట్టూ తిరిగేది, కరివేపాకు మీద గుడ్డు పెట్టేది, నల్లటి రెక్కల మీద ఎర్రటి మచ్చలున్నది. ఇవాళ నేను చెప్పబోయేదానికి ఆ షోకులేవీ లేవు. దాని రంగు వేయించిన ధనియాల రంగు. రెక్కలు పూర్తిగా చాపితే ఈ కొస నుంచి ఆ కొసకి ఒకటిన్నర అంగుళానికి మించదు. మడుచుకుంటే బొటనవేలి గోరంత. చీపురు పట్టుకుని పెరట్లోకి వెడితే గడ్డిలోంచి చటుక్కున లేస్తుంది, నాలుగడుగుల అవతల మళ్ళీ వాలుతుంది. ఏదో పురుగులే అనుకుని మన పనిలో మనం పడిపోతాం.

పెరడు లేనివాళ్ళు నిరుత్సాహపడక్కర్లేదు. మేడమీద తొట్టెలో నిమ్మగడ్డి వేసుకున్నవాళ్ళకీ ఇది చుట్టమే. కానీ దీన్ని బాగా చూడాలంటే మాత్రం వరిచేల గట్లే సరైన చోటు. నేను చెప్పబోయేదంతా రాయవరం చుట్టుపక్కల కాలవగట్ల మీద చూసిందే. గోదావరి నీళ్ళు పారే నేల. సార్వా, దాళ్వా అని ఏడాదికి రెండు పంటలు, గట్ల నిండా గడ్డి. వరి అయినా, గరిక అయినా, దర్భ అయినా ఈ జీవికి అంతా ఒక గడ్డి కుటుంబమే.

ముందుగా దీన్ని గుర్తుపట్టడం ఎలాగో చెబుతాను. చాలామంది చూడగానే దీపం దగ్గరకొచ్చే రెక్కల పురుగనుకుంటారు. వాళ్ళ తప్పేం లేదు. మామూలు సీతాకోకచిలుకకి రెక్కలు పెద్దవి, ఒళ్ళు సన్నం. దీనికి ఒళ్ళు బొద్దు, రెక్కలు కురచ. తల వెడల్పు, కళ్ళు నల్లగా పెద్దవి. అయితే మీసాలు చూడండి. రాత్రి దీపం చుట్టూ తిరిగే పురుగుల మీసాలు ఎక్కువగా దారంలాగానో, పక్షి ఈకలాగానో వుంటాయి. సీతాకోకచిలుక మీసానికి చివర చిన్న గుండు వుంటుంది. ఈ జాతికి ఆ గుండు కూడా దాటి, కొన వెనక్కి వంగి, అచ్చం మన క్రోషా సూది మొనలా కొక్కెం తిరిగి వుంటుంది. ఆ మీసాలు రెండూ తల మీద దగ్గర దగ్గరగా కాకుండా ఎడంగా మొలుస్తాయి. ఇంత చిన్నదాని మీసం కొన ఎలా కనబడుతుందంటారేమో! పొద్దున్న ఎండ కాచుకుంటున్నప్పుడు అది కదలదు. సూదిలో దారం ఎక్కించే కళ్ళకి కనబడకపోదు. చత్వారం వచ్చినవాళ్ళు కళ్ళజోడు తెచ్చుకోండి, లేకపోతే సెల్‌ఫోనుతో ఫోటో తీసి పెద్దది చేసి చూడండి.

ఇక ఎగరడం. ఇది తేలుతూ, వూగుతూ పోదు. గెంతుతుంది. తాడాట ఆడే ఆడపిల్లలా ఇక్కడ కాలు మోపి అక్కడ తేలుతుంది. ఇంగ్లీషువాళ్ళు ఈ కుటుంబం మొత్తానికి స్కిప్పర్ అని పేరు పెట్టడానికి కారణం అదే. ప్రపంచంలో ఇవి సుమారు 4,000 రకాలు, మన దేశంలోనే 300 పైచిలుకు వున్నాయి. గడ్డి తినే స్కిప్పర్లలో చాలావాటికి ఎండలో కూర్చునే తీరు కూడా వేరే. వెనక రెక్కలు పక్కలకి పరిచి, ముందు రెక్కలు సగం ఎత్తి పెడతాయి. ఒక్కసారి చూస్తే మళ్ళీ మరిచిపోరు.

వాటిలో మన వరిచేలలో తరచు కనిపించేదాని శాస్త్రీయ నామం పెలోపిడస్ మథియాస్. నోరు తిరగకపోతే వరి స్కిప్పర్ అనుకోండి, చాలు. దీనికి మొదట పేరు పెట్టినవాడు డెన్మార్కు దేశస్థుడు ఫాబ్రీషియస్, 1798లో. ఆయన చూసిన నమూనా ఎక్కడిదనుకున్నారు? మన బంగాళాఖాతం ఒడ్డునే, తమిళదేశంలోని తరంగంబాడిది. అప్పట్లో ఆ వూరు డేనిషువాళ్ళ చేతిలో వుండేది. అంటే రెండువందల ఏళ్ళ కిందటే మన తీరంలో పట్టిన గోధుమరంగు పురుగొకటి ఐరోపా పుస్తకాలకెక్కింది. మన గట్టు మీద తిరిగేదాన్ని మనం ఇంకా పేరు పెట్టి పిలవడం లేదు.

దీనికి జంటలాంటిది ఇంకొకటి వుంది, బోర్బో సిన్నారా. 1866లో దానికి పేరు పెట్టినవాడు వాలెస్. డార్విన్‌తో పాటే పరిణామ సిద్ధాంతం చెప్పిన వాలెస్సే. రెండూ ఒకే గట్టు మీద వుంటాయి, ఒకే గడ్డి తింటాయి. తేడా మగవాటిలో తెలుస్తుంది. మథియాస్ మగదాని ముందు రెక్క పైభాగంలో, గోటితో గీసినట్టు ఏటవాలుగా బూడిదరంగు గీత వుంటుంది. ఆడదాన్ని ఆకట్టుకునే వాసన పొలుసులు ఆ గీతలోనే వుంటాయి. సిన్నారాకి ఆ గీత లేదు. వెనక రెక్క అడుగున తెల్లచుక్కలు వంపుగా వుంటే ఈ రెండింటిలో ఏదో ఒకటి కావచ్చు. బద్దపెట్టి గీసినట్టు ఒకే వరసలో వుంటే అది మూడో రకం, స్ట్రెయిట్ స్విఫ్ట్ అంటారు. ఆడవాటి దగ్గరకొచ్చేసరికి పండితులే తటపటాయిస్తారు. అందుచేత ఏదైనా ఫోటో తీస్తే రెక్క పైభాగం, అడుగుభాగం రెండూ తీయండి. ఒక్కవైపు చూసి పేరు చెప్పేవాళ్ళను నమ్మకండి!

ఇంతవరకూ సరదా. అసలు విషయం దీని పిల్లది, అంటే గొంగళిపురుగుది.

తల్లి ఆకు మీద ఒక్కొక్క గుడ్డే పెడుతుంది, కుప్పగా పెట్టదు. గుండ్రటి మూత బోర్లించినట్టుండే తెల్లని గుడ్డు. అందులోంచి వచ్చిన పురుగు లేత ఆకుపచ్చగా వుండి, ఎదిగితే ఒకటిన్నర అంగుళం దాటుతుంది. తల పెద్దది, మెడ సన్నం. నెత్తిన చెంబు పెట్టుకున్న పిల్లలా వుంటుంది. మథియాస్ అయితే ఆ తలకి రెండు పక్కలా ఎర్రటి గోధుమరంగు చార వుంటుంది. వంటికి జుట్టు లేదు, దురద పెట్టదు. ఇది వరి ఆకు అంచుల్ని దారంతో కలిపి గొట్టంలా కుట్టుకుని పగలు అందులో దాక్కుంటుంది, ఆకు అంచు నుంచి నడిమి ఈనె దాకా కొరికి తింటుంది.

ఈ కుటుంబం పురుగుల్లో మన ఆడవాళ్ళకు నచ్చే గుణం ఒకటుంది. ఇల్లు శుభ్రంగా వుంచుకుంటాయి. పగలంతా వుండే గొట్టంలోనే మలం పోగైతే ఎలా? అందుకని చాలా రకాలు దాన్ని బయటికి విసిరేస్తాయి. తోసేయడం కాదు, నిజంగానే విసరడం. వెనక కొసన చిన్న దువ్వెనలాంటి అమరిక వుంటుంది, నెత్తురు ఒత్తిడితో దాన్ని వదులుతాయి. అమెరికాలో మార్తా వైస్ అనే శాస్త్రజ్ఞురాలు అక్కడి ఒక స్కిప్పర్ పురుగుని పరిశీలించి 2003లో ప్రకటించారు. తన వంటి పొడవుకి దాదాపు 40 రెట్ల దూరం పడేట్టు విసరగలదట! ఎందుకంత అవస్థ అంటే, ఆ వాసన పట్టుకుని కందిరీగ వస్తుంది. మలం వున్న గూట్లో పురుగుని త్వరగా పసిగట్టి చంపుతుంది. శుభ్రం దానికి ప్రాణరక్షణ అన్నమాట. మన పిల్లలకి చెప్పి చూడండి, గది సర్దుతారేమో.

సరే. ఆకు మడిచి, లోపల కూర్చుని తినే పురుగు వరిచేలో ఇదొక్కటే కాదు. గోదావరి రైతు పేరు వింటేనే వులిక్కిపడే ఆకుముడత పురుగు వుంది. అదీ ఆకు మడుస్తుంది. ఇక్కడే చిక్కొచ్చింది.

మొన్నటి సార్వాలో రాయవరంలో మా వీధి చివర కౌలుకి చేసే ఒకావిడ నాలుగు వరి ఆకులు కొంగున కట్టుకుని వచ్చింది. నాట్లేసి మూడు వారాలు. "అమ్మగారూ, ఆకుముడత పట్టిందంటున్నారండీ, ఆయన మందుకెళతానంటన్నాడు" అంది. మందు అరువు మీద. అంతకు ముందు పంటకు మందు కొట్టి వచ్చి ఆ మనిషి రెండు రోజులు వాంతులతో మంచమెక్కాడు. ఆమె భయం అప్పు గురించా, మొగుడి గురించా అంటే నేను చెప్పలేను, రెండూ కలిసే వున్నాయి.

"ముందు విప్పి చూద్దాం వుండమ్మా" అన్నాను. మొదటి ఆకు విప్పితే పెద్దతల పురుగు, మెల్లిగా కదిలింది. రెండోదీ అంతే. మూడో మడతలో పురుగు లేదు. దాని పక్కన మన నూకల్లాంటి తెల్లటి చిన్న గూళ్ళు వరసగా అంటుకుని వున్నాయి. అవి పరాన్న కందిరీగల గూళ్ళు. చీమకన్నా చిన్న కందిరీగ గొంగళి వంట్లో గుడ్లు పెడుతుంది, పిల్లలు దాన్ని లోపలినుంచే తిని బయటపడి ఈ గూళ్ళు అల్లుకుంటాయి. నాలుగో ఆకులో మాత్రం సన్నటి, పసుపు కలిసిన ఆకుపచ్చ పురుగు. తాకగానే మెలికలు తిరిగి గభాలున కిందికి దూకింది. అది అసలైన ఆకుముడత.

తేడా ఎంత తేలికో చూడండి. ఆకుముడత పురుగు ముప్పావు అంగుళం, ఒళ్ళు పల్చన, తల చిన్నది, కదలిక చురుకు. లోపల కూర్చుని ఆకులోని పచ్చదనాన్ని గోకి తింటుంది, అందుకని ఆకు మీద పొడుగాటి తెల్ల చారలు పడతాయి. స్కిప్పర్ లావు, తల పెద్దది, కదలిక మందం. అది ఆకుని అంచు నుంచి కొరికేస్తుంది, తెల్లచార మిగల్చదు. పెద్దయ్యాక సరేసరి. ఆకుముడత రెక్కల పురుగు ఎండుగడ్డి రంగులో వుండి, రెక్కల మీద వంకరటింకర నల్లగీతలతో ముక్కోణంలా కూర్చుంటుంది. దాని మీసం దారంలా వుంటుంది. క్రోషా సూది కొన దానికి లేదు.

నాలుగు ఆకులు చూసి నలభై సెంట్ల గురించి తీర్పు చెప్పకూడదు గనక, ఆమెనే మళ్ళీ చేలోకి పొమ్మన్నాను. గట్టు పక్కన కాకుండా చేను మధ్యన, అక్కడొక దుబ్బు ఇక్కడొక దుబ్బు, ఇరవై దుబ్బులు చూసి లెక్క చెప్పమన్నాను. పిలకలు వేసే దశలో దుబ్బుకి రెండు ఆకులు పూర్తిగా పాడై, లోపల పురుగు కూడా వుంటేనే ఆకుముడతకి మందు ఆలోచించమని వ్యవసాయశాఖవారు సాధారణంగా చెప్పే లెక్క. ఇరవై దుబ్బులకీ కలిపి ఆమెకి దొరికినవి ఏడు మడతలు. అందులో ఆకుముడత మూడే. వ్యవసాయ సహాయకుడు వచ్చి చూసి అదే మాట అన్నాడు. ఇద్దరు మనుషులు చెరో గట్టున నిలబడి చేను మీదుగా తాడు లాగారు, మడతలు విడిపోయి పురుగులు నీళ్ళలో పడ్డాయి. ఇది మన పెద్దవాళ్ళకి తెలిసిన పనే. మందు తేలేదు. పదిహేను రోజులకి కొత్త పిలకలు కమ్మేసి, కొరికిన ఆకు ఎక్కడుందో వెతికినా కనబడలేదు.

"మరి ఈ పెద్దతల పురుగుని చంపక్కర్లేదా అండీ?" అని అడిగింది. ఆ ప్రశ్న మీలోనూ కొందరికి వచ్చే వుంటుంది. ఎక్కువగా పడితే, ముఖ్యంగా నారుమడిలో, అదీ నష్టం చేస్తుంది. నేను దాన్ని సాధువని చెప్పడం లేదు. కానీ చాలా పంటల్లో అది అంత లెక్కకి రాదు. దాన్ని తినేవాళ్ళు దానికి వున్నారు. సాలెపురుగులు, కందిరీగలు, గట్టు మీద పిట్టలు. తొందరపడి మందు కొడితే ముందు చచ్చేది వాళ్ళే. వాళ్ళు పోయాక సుడిదోమ వచ్చి పడితే, దోమపోటు దెబ్బకి చేను చేనే మాడిపోతుంది. యూరియా ఎక్కువేసి చేను నల్లగా నిగనిగలాడుతోందని మురిసిపోతే ఆకుముడత దానికే ముందు వస్తుంది. ఇదంతా మగవాళ్ళ వ్యవహారం, మనకెందుకు అనకండి. మందు డబ్బా తెచ్చి పెట్టేది మన వంటింటి వసారాలోనే. ఆ తడి చొక్కా వుతికేది మనమే.

ఈ సందర్భంలో రేడియో సంగతొకటి చెప్పకపోతే నాకు తోచదు. వియత్నాంలో మెకాంగ్ నది డెల్టా వుంది, మన గోదావరి డెల్టాలాగే కాలవలూ, వరీ. అక్కడి రైతులు నాటిన తొలి రోజుల్లోనే ఆకు మడత కనబడితే చాలు మందు కొట్టేసేవారు. ఫిలిప్పీన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థవారు చూస్తే, ఆ దశలో ఆకు కొంత పోయినా వరి మళ్ళీ పుంజుకుంటోంది, దిగుబడి తగ్గడం లేదు. ఈ మాట లక్షల మందికి చెప్పడమెలా? 1994లో లాంగ్ ఆన్ అనే రాష్ట్రంలో రేడియోలో చిన్న చిన్న హాస్య నాటికలు వేశారు. మొదటి 40 రోజులు ఆకు తినే పురుగులకి మందు కొట్టక్కర్లేదు, కావాలంటే మీరే కొంచెం చేలో కొట్టకుండా వదిలి చూడండి, అంతే ఆ నాటికల సారాంశం. పంటకి సగటున మూడుసార్లకి పైగా కొట్టేవాళ్ళు కొద్ది సంవత్సరాల్లో అందులో సగానికి తగ్గించుకున్నారు. శాస్త్రజ్ఞుల వ్యాసాలు చదివి కాదండీ, రేడియోలో నవ్వుకుని, ఇంటికెళ్ళి చేలో చూసుకుని.

పట్నంలో వున్న మీకు వరిచేను అందుబాటులో లేకపోతే తొట్టెలున్నాయి. నిమ్మగడ్డి ఆకు గొట్టంలా చుట్టుకుని వుంటే విప్పండి, మథియాస్ గానీ దాని దాయాదులు గానీ వుండవచ్చు. పసుపు, అల్లం వేసినవాళ్ళ తొట్టెల్లో ఆకు చుట్టేది దీని చుట్టమే, గ్రాస్ డెమన్ అంటారు. నలుపు రెక్కల మీద పెద్ద తెల్లమచ్చతో ఇంతకంటే అందంగా వుంటుంది. పేరుకి గడ్డి భూతమైనా, తినేది మన పసుపాకు. గుమ్మం ముందు అలంకారానికి పెట్టుకునే చిన్న ఈత జాతి మొక్కల మీద పామ్ బాబ్ అనే ఇంకొకటి. కోనసీమ కొబ్బరిచెట్ల మీద వుండే జెయింట్ రెడ్‌ఐ మాత్రం వీటన్నిటికీ పెద్దక్క. మునిమాపువేళ తిరుగుతుంది, కళ్ళు కెంపుల్లా ఎర్రన. దాని గొంగళి వంటినిండా తెల్లటి మైనపు పోగులు వేలాడుతుంటాయి, పింజలు విడిన దూదిలా. ఇవన్నీ కనబడగానే మందు సీసా వెతకనక్కర్లేదు. తొట్టెలో వుండేది ఒకటో రెండో. ఎక్కువనిపిస్తే చేత్తో తీసి ఏ కాలవగట్టు గడ్డి మీదో వదిలేయండి. తొట్టెలో పసుపాకు ఒకటి చిల్లులు పడితే ఆ ఏటి పసుపు తగ్గిపోదు.

పెద్ద సీతాకోకకి ఏం కావాలంటే, తేనె. గడ్డి చామంతి పూలంటే వీటికి ప్రాణం. పసుపు మధ్యలో తెల్లరేకులతో గోడవారల్లో, రోడ్డు పక్కన మొలిచేదే. పనిమనిషి చేత పీకించేసే ముందు ఒక మూల కాస్త వుంచమనండి. పొద్దున్న ఎనిమిది, తొమ్మిది మధ్య అక్కడే చూడండి. తొండం తన వంటికంటే పొడుగ్గా సాగదీసి తాగుతుంటుంది. కొన్నిసార్లు పిట్ట రెట్ట మీద కూర్చుని చప్పరిస్తుంటే అసహ్యించుకోకండి, దానికి కావలసిన వుప్పులు అక్కడ దొరుకుతాయి.

తొట్టెలో గొంగళిని వుంచాలనుకున్నవాళ్ళకి చివరి మాట. అది ఎదిగాక ఒకరోజు తినడం మానేస్తుంది. గాభరాపడకండి, పురుగు చచ్చిపోలేదు. ఆకు మీద నడుముకి ఒక దారం కట్టుకుని, ముందు కొస మొనదేలిన ఆకుపచ్చ ప్యూపాగా మారిపోతుంది. నీళ్ళు దానిమీద కాకుండా మొదట్లో పోయండి. వారం పది రోజుల్లో లోపల గోధుమరంగు కమ్ముతుంది, కళ్ళు నల్లగా కనబడతాయి. ఆ మర్నాడు మీరు కాఫీ కలుపుకుని వచ్చేసరికి పల్చటి పొర ఒక్కటే ఆకుకి వేలాడుతూ వుంటుంది. పక్క కొమ్మ మీద చూడండి, రెక్కలింకా తడిగా వుంటాయి. మగదైతే బూడిదరంగు గీత అప్పటికే వుంటుంది.